భుజం మీది కొత్త నక్షత్రం

న్యూఢిల్లీ: గత వారం మిత్రుని కుమారుడొకడు మిఠాయి పొట్లంతో మా ఇంటికి వచ్చాడు. సైన్యంలో లెఫ్టినెంట్ కర్నల్‌గా ఉన్న అతనికి కర్నల్ హోదా లభించింది. త్వరలో ఒక బెటాలియన్‌కు కమాండింగ్ ఆఫీసరుగా వెళ్లనున్నాడు. "బాబాయి గారూ, అధికారం వచ్చినవారిని ఎందరినో చూశారు. నాకూ ఒక మాట చెప్పండి" అని అడిగాడు. తుపాకి పట్టి ఎరుగని నేను సైనికునికి ఏమి చెప్పగలను? శాసనాలు చేసే సభను కనిపెట్టుకొని ఉండేవాడిని గనుక ఒక శాసనాన్ని గురించి చెప్పాను.

2004 నాటి సంస్కరణల తరువాత 13 ఏళ్ల సర్వీసు నిండిన అధికారికి లెఫ్టినెంట్ కర్నల్ హోదా కాలక్రమాన లభిస్తున్నది. కర్నల్ హోదా మాత్రం ఎంపిక మీదనే. పలువురి ప్రయాణం అక్కడే ఆగిపోతుంది. ఆ గడప దాటి బెటాలియన్‌కు నాయకుడైనవానికి సుమారు 800 మంది జీవితాలు అప్పగింపబడతాయి.

సైనికుల ప్రాథమిక హక్కులను పరిమితం చేసే అధికారాన్ని రాజ్యాంగం 33వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. 1950 నాటి సైనిక చట్టం ప్రకారం కమాండింగ్ ఆఫీసరు సమ్మరీ కోర్టు మార్షల్ జరుపవచ్చు. అక్కడ న్యాయస్థానమంటే ఆయన ఒక్కడే. లెఫ్టినెంట్ కర్నల్, ఆపై హోదా గలవాడు ఏడాది వరకు జైలు శిక్ష వేయగలడు. మారుమూల సరిహద్దులో క్రమశిక్షణ నిలవాలంటే ఇటువంటి అధికారం కొంత అవసరమే, కాదనను. 2007 చట్టంతో సాయుధ దళాల ట్రిబ్యునల్ ఏర్పడినప్పటికీ, సమ్మరీ కోర్టు మార్షల్‌లో ఉద్యోగం ఊడితేనో, మూడు నెలలకు మించి జైలు పడితేనో తప్ప జవాను ఆ ట్రిబ్యునల్ గడప తొక్కలేడు. అంతకు లోపు శిక్షలకు అధికారి అంతరాత్మయే చాలా వరకు అప్పీలు కోర్టు.

1985లో ఒక సిగ్నల్‌మన్ తన కమాండింగ్ ఆఫీసరు వేధిస్తున్నాడని నేరుగా పై అధికారులకు అర్జీ పెట్టుకున్నాడు. అందుకు 28 రోజుల కఠిన శిక్ష పడింది. ఆ శిక్ష అనుభవిస్తూ, తినమని ఆజ్ఞాపించినా అన్నం తినలేదన్న నేరానికి ఏడాది కారాగారం, ఉద్యోగం నుంచి తొలగింపు! ఎవరి మీద అర్జీ పెట్టాడో ఆ అధికారి కూడా ఆ విచారణలో పాలుపంచుకున్నాడు. 1987లో సుప్రీంకోర్టు ఈ శిక్షను కొట్టివేసింది. పక్షపాతానికి తావున్నవాడు తీర్పరిగా కూర్చోరాదనీ, శిక్ష నేరానికి తగినట్లుండాలనీ స్పష్టం చేసింది.

"నీ మీదనే ఫిర్యాదు వస్తే తీర్పు చెప్పే పీట మీద నీవు కూర్చోకు, పైవారికి పంపు. శిక్ష మీద సంతకం పెట్టే ముందు, ఆ జవాను ఇంటి సంగతులు ఎరిగిన సుబేదార్ మేజర్‌ను ఒకసారి అడుగు" అన్నాను. 2020 జూన్ 15 రాత్రి గాల్వాన్ లోయలో 16వ బీహార్ బెటాలియన్ నాయకుడు, మన సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్‌బాబు, తన జవాన్లతో కలిసి పోరాడుతూ నేలకొరిగాడు. ఆ రాత్రి మొత్తం 20 మంది అమరులైనారు. అటువంటి చోటికి జవాన్లను నాయకుని వెంట నడిపించేది శిక్షా సెక్షను కాదు. తమకు అన్యాయం చేయడన్న నమ్మకం.

అతను కొంతసేపు మౌనంగా ఉండి, "చట్టం చదివాను బాబాయి గారూ, ఆ తీర్పు మాత్రం చదవలేదు" అన్నాడు. నా దగ్గరున్న ప్రతి చేతికిచ్చి పంపాను. మిఠాయికి అంతకంటె మంచి బదులు నాకు తోచలేదు.