తెల్లని నాగు

రామకుప్పము పల్లెలకు అడవి చేరువ. అట్టి చోట్ల తెల్లని నాగు కానవచ్చెనేని దేవతయని మ్రొక్కువారును, పట్టి యమ్మ నాశించువారును కలరు. నిజమునకది నలుపునిచ్చు మెలనిన్ అను ద్రవ్యము పుట్టుకతో లోపించిన సామాన్యసర్పమే.

ఇట్టి వింతవన్నెల పాములను పెంచి పిల్లలు పెట్టించు వేడుక విదేశములందు మెండు. 1992లో అమెరికాలో బాబ్ క్లార్కు అను నాతడు ఆఫ్రికా జాతి బాల్ పైథానులయందు మెలనిన్ లేని పిల్లలను తొలిసారి పెంపకమున బడసెను. ఆ లక్షణమును గుప్తముగా దాల్చిన జంటకు పుట్టు పిల్లలలో సగటున నాలుగింట నొకటియే ఆ వన్నె దాల్చును. కావుననే తొలినాళ్ళలో వెల హెచ్చుగ నుండెను.

మనదేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నాగును పట్టి పెంచుట నేరము. పిల్లలు ముచ్చటపడినను ఇంటికి రానీయకుడు. పాలును పోయకుడు; అవి పామున కాహారము గావు. రంగు పోయినను విషము పోదు. దూరముగ నిలిచి అటవీశాఖవారికి తెలుపుడు.