ఏటికీ ఒక ఠాణా కావాలి

గద్వాల నడిగడ్డకు ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క తుంగభద్ర. గుర్రంగడ్డ అయితే చుట్టూ కృష్ణ పారే ఊరే. అక్కడివాళ్లు తరాలుగా పుట్టిలోనో పడవలోనో ఏరు దాటి బతికినవాళ్లు. అవతలి గట్టున ఆత్మకూరు, పెబ్బేరు వనపర్తివి. దిగువన సోమశిల, కొల్లాపూర్ నాగర్‌కర్నూల్‌వి. అక్కడ శ్రీశైలం వెనుక జలాలు కనుచూపు మేర పరుచుకుని ఉంటాయి. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్‌ను విడదీసి ఈ మూడు జిల్లాలు చేసినప్పుడు ఒక్కో జిల్లాకు ఒక్కో ఎస్పీ వచ్చారు. ఫిర్యాదు పట్టుకుని పాలమూరు దాకా పోయే బాధ తప్పింది, మంచిదే. అయితే ఆ పంపకంలో ఏరు ఎవరి వాటాకూ సరిగా రాలేదు. ఈ గట్టు ఒక ఠాణాది, ఆ గట్టు ఇంకో ఠాణాది. 2014 జూన్ 2 తర్వాత కొన్నిచోట్ల ఆ గట్టు ఏకంగా వేరే రాష్ట్రానిది. రాత్రిపూట తుంగభద్రలో ఇసుక తోడేవాళ్లకూ, వెనుక జలాల్లో అలివి వలలతో చేపపిల్లలను ఊడ్చుకుపోయేవాళ్లకూ ఈ సంగతి బాగా తెలుసు.

2007 జనవరిలో కొల్లాపూర్ ప్రాంతంలో పడవ మునిగి 61 మంది చనిపోయారు. ఆ తర్వాత సోమశిల వంతెన గురించి ఎంతో మాట్లాడాం. పడవలో ఎందరు ఎక్కుతున్నారు, లైఫ్ జాకెట్లు ఉన్నాయా అని రేవులో రోజూ చూసే మనిషి గురించి అంతగా మాట్లాడలేదు. 2009 అక్టోబరు వరదలో అలంపురం మునిగింది. ఇప్పటికీ ఎవరైనా ఏట్లో గల్లంతైతే మొదట కబురు వెళ్లేది గజ ఈతగాళ్లకే. ప్రాణాలకు తెగించి దిగే ఆ మత్స్యకారులకు జీతం లేదు, బీమా లేదు, పోలీసు లెక్కల్లో పేరూ లేదు. 2005లో కేంద్రం తెచ్చిన తీర భద్రతా పథకం సముద్రతీర రాష్ట్రాలకు మెరైన్ పోలీస్ స్టేషన్లు ఇచ్చింది. తీరం లేని తెలంగాణ అందులోకి రాదు. హుస్సేన్‌సాగర్‌కు మాత్రం లేక్ పోలీసులు ఉన్నారు. రాజధాని చెరువుకు అవసరమైన కాపలా కృష్ణకు అక్కర్లేదా?

మన తెలుగువాళ్లు వలస వెళ్లి స్థిరపడిన మారిషస్‌ను చూడండి. అక్కడి జనాభా 13 లక్షల లోపే. మన మూడు జిల్లాల్లో 2011 నాటికే 20 లక్షల పైన ఉన్నారు. ఆ దేశానికి ప్రత్యేకంగా సైన్యం లేదు. ఊరి ఠాణా, స్పెషల్ మొబైల్ ఫోర్స్, కోస్ట్‌గార్డ్, హెలికాప్టర్ దళం అన్నీ ఒకే పోలీస్ కమిషనర్ కింద పనిచేస్తాయి. చిన్న దేశం కాబట్టే బలగాన్ని ముక్కలు చేసుకోలేదు. మనమేమో చిన్న జిల్లాలు చేసుకున్నాం గానీ, వాటికి ఉమ్మడిగా ఉండాల్సిన ఏటి కాపలాను కూర్చుకోలేదు.

దేశంతో జిల్లాలకు పోలికేమిటని అడగవచ్చు. నిజమే, మనకు యుద్ధనౌకలు అక్కర్లేదు. మారిషస్ కోస్ట్‌గార్డ్ నౌక బారకూడాను తయారుచేసింది కోల్‌కతాలోని మన ప్రభుత్వ సంస్థే. 2015లో దాన్ని దళంలోకి చేర్చింది మన ప్రధానే. సముద్రాల అవతలి దీవికి ఓడలు ఇచ్చే దేశం సోమశిలకు నాలుగు మోటారు పడవలు, సెర్చ్‌లైట్లు, నీటి అడుగున వెతికే సోనార్ ఇవ్వలేనంత పేదది కాదు. విపత్తు దళాలు ఉన్నాయి కదా అన్నది ఇంకా బలమైన అభ్యంతరం. కానీ ఆ దళాలు ప్రమాదం జరిగాక వస్తాయి, పని ముగించుకుని వెళ్తాయి. కిక్కిరిసిన పడవను రేవులోనే ఆపాలంటే రోజూ అక్కడ ఉండే పోలీసు కావాలి. హద్దుల చిక్కూ తీరనిది కాదు. మూడు జిల్లాలూ జోగులాంబ జోన్ డీఐజీ కిందివే. 2024 జులై నుంచి జీరో ఎఫ్ఐఆర్‌కు చట్టంలోనే చోటుంది కాబట్టి, ఏ గట్టు ఠాణా అయినా కేసు కట్టవచ్చు. ఇక మిగిలింది ఏట్లోకి వెళ్లగల మనుషులే.

కృష్ణ ఒడ్డున బీచుపల్లిలో పదో పోలీస్ బెటాలియన్ ఉండనే ఉంది. ఏటి దళాన్ని అక్కడే పెట్టి, నేరుగా డీఐజీకి అప్పగించాలి. గుర్రంగడ్డ, జూరాల, సోమశిల రేవుల గజ ఈతగాళ్లను హోంగార్డులుగా తీసుకుని జీతం, బీమా ఇవ్వాలి. కర్నూలు, నంద్యాల పోలీసులతో ఉమ్మడి గస్తీకి రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. వచ్చే వరదకాలం లోపు ఈ పని మొదలుపెట్టమని మూడు జిల్లాల ఎమ్మెల్యేలు హోంశాఖను గట్టిగా అడగాలి.