వడపోతను పీకివేయుట పరిష్కారం కాదు

కొత్తవలస నుండి కిరండూల్ వరకు సాగు కె.కె. లైనులో పనిచేసిన పాత సభ్యులకు డీజిల్ పొగను గూర్చి మేము వేరుగా చెప్పనక్కరలేదు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చుటకై 1960 దశకంలో నిర్మింపబడిన ఆ మార్గంలో 58 సొరంగాలున్నవి. 1980-82 మధ్య విద్యుదీకరణ జరుగువరకు ఖనిజపు బళ్ళను డీజిల్ ఇంజన్లు లాగినవి. సొరంగంలో నిలిచిన పొగను పీల్చినవారు డ్రైవర్లు, గార్డులు, గ్యాంగ్‌మన్‌లు. అది ఉద్యోగంలో ఒక భాగమనియే ఆనాడు భావించితిమి. 2012 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ డీజిల్ పొగను మానవులకు క్యాన్సర్ కలిగించు వాటి మొదటి వర్గంలో చేర్చినది. ఈ విషయమై అమెరికాలో జరిగిన అధ్యయనాలలో గని కార్మికులకు, రైల్వే ఉద్యోగులకు సంబంధించినవి కలవు.

ఆ పొగ ప్రశ్నయే నేడు అదే బస్తర్‌లో, పట్టాల ప్రక్కనున్న పొలాలలో ఎదురగుచున్నది. 2023 జనవరి 1 నుండి 50 అశ్వశక్తికి మించిన కొత్త ట్రాక్టర్లకు ట్రెమ్-4 ఉద్గార నియమాలు అమలులోనికి వచ్చినవి. తత్ఫలితంగా అనేక నమూనాలలో పొగగొట్టం దారిలో మసిని పట్టు వడపోత, అనగా డి.పి.ఎఫ్., అమర్చబడుచున్నది.

పదవీ విరమణానంతరం జగదల్‌పూర్ సమీపాన సేద్యం చేయుచున్న మన సభ్యుడొకరు అట్టి ట్రాక్టరును అప్పుపై కొనిరి. దమ్ము చేయు రోజులలో మీటరు పలకపై ఒక దీపం వెలిగినది. దాని అర్థం డ్రైవరుకు ఎవరూ చెప్పియుండలేదు. రెండు రోజులలో ఇంజను శక్తి సగానికి పడిపోయినది. కంపెనీ మెకానిక్ కంప్యూటరుతో వచ్చుసరికి వారం గడిచినది, నారు ముదిరినది. ఈలోగా ఊరి మెకానిక్ ఒక సలహా ఇచ్చెను: “ఆ డబ్బాను పీకివేయుదము, పీడ వదలును.” మన సభ్యుడు మమ్ములను అభిప్రాయమడిగిరి. పీకవద్దని మేము చెప్పితిమి. అందుకు కారణాలు అందరికీ తెలియుట అవసరం.

ఆ డబ్బాలో తేనెపట్టువంటి పింగాణీ దిమ్మె ఉండును. పొగ దాని గోడలగుండా పోవును. మసి లోపల చిక్కుకొనును. ఇంజను బరువైన పనిలోనుండి పొగ బాగుగా వేడెక్కినప్పుడు మసి దానంతట అదే కొంత కాలిపోవును. చాలనప్పుడు యంత్రమే అదనపు డీజిల్ చిమ్మి వేడిని సుమారు 600 డిగ్రీలకు పెంచి కాల్చును. బండి గంటలకొద్దీ ఊరకే తిరుగుచున్నను, తేలిక తొట్టితో దగ్గరి దూరాలు పోవుచున్నను ఈ వేడి పుట్టదు. కాల్పు నడుచుచుండగా ఇంజను ఆపివేసినచో మసి మిగిలిపోవును. కల్తీ డీజిల్, పాడైన ఇంజెక్టరు, తగని ఇంజను ఆయిల్ వడపోతను త్వరగా నింపును. ఆయిల్ నుండి వచ్చు బూడిద మాత్రం కాలదు. దానిని విప్పి శుభ్రపరచవలసినదే. కాల్పు సమయాన బండిని కళ్ళంలో ఎండుగడ్డిపై నిలుపరాదు, నిప్పంటుకొనును.

ఇందులో డ్రైవరు నేర్వలేని రహస్యమేమియు లేదు. అయినను నేర్పువారు లేరు. బండి అమ్మునాడు దీపాల అర్థం చెప్పరు. బండి నిలిచిననాడు తప్పు డ్రైవరుదందురు. తప్పును కనుగొను కంప్యూటరు అమ్మకందారుని చేతిలో ఉండును. జగదల్‌పూర్ నుండి రాయ్‌పూర్ దాదాపు 300 కిలోమీటర్లు. ఇట్టి ప్రాంతంలో మరమ్మతుపై గుత్తాధిపత్యమనగా రైతుకు పంట నష్టం, డ్రైవరుకు కూలి నష్టం.

కోపం వడపోతపై చూపుట సులభం. కాని పీకినచో లాభమెవరికి? పొగ తిరిగి ట్రాక్టరు పీటపై కూర్చున్నవాని ఊపిరితిత్తులలోనికే పోవును. బండి యజమాని పొలం గట్టున నిలుచును. కూలి డ్రైవరు రోజంతయు పీల్చును. కార్మికుని రక్షణకై వచ్చిన సాధనాన్ని కార్మికుని చేతనే తీయించుట మనం అంగీకరింపదగినది కాదు.

మనం కోరవలసినవి మూడు. అమ్మకంతోపాటు డ్రైవరుకు తెలుగు, హిందీ, హల్బీ, గోండీ వంటి స్థానిక భాషలలో శిక్షణ ఇవ్వవలెను. తప్పును కనుగొను సాధనాలు, సాంకేతిక సమాచారం ఊరి మెకానిక్‌లకు సరసమైన ధరకు లభింపవలెను. సేద్యపు అదనులో నిర్ణీత గడువులోపల మరమ్మతు జరుగవలెను, లేదా పరిహారం చెల్లింపవలెను. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘మరమ్మతు హక్కు’పై నియమించిన కమిటీ ఎంచుకొన్న రంగాలలో వ్యవసాయ పరికరాలు కలవు. ఆ మాట కాగితంపై మిగిలిపోకుండ చూచుట సంఘాల పని.

ఇది రైతుల గొడవ, మనకేల అని ఎవరైనను అనవచ్చును. 2020 ఏప్రిల్ నుండి వచ్చిన బి.ఎస్.-6 డీజిల్ లారీలలోనూ ఇట్టి వడపోతయే కలదు. అట్టి బళ్ళు నడుపు తపాలా మోటారు డ్రైవర్లకు ఆ దీపం రేపు వెలుగును. డీజిల్ షెడ్లలో, యార్డులలో మన సోదరులు నేటికిని పొగలోనే పనిచేయుచున్నారు. పొలంలో పొగను సహింపుమని చెప్పి, షెడ్డులో పొగ వద్దని మనం అడుగజాలము. వడపోత ఉండవలెను, దానిని బాగుచేసుకొను హక్కు, నేర్పు పనిచేయువాని చేతికి రావలెను.