స్మృతి, సాక్షి, కారంచేడు

గతాన్ని మరచిపోవడమే శాంతిమార్గమన్న మాట సత్సంగాలలో తరచు వినిపిస్తుంది. దేహం నేను కానప్పుడు దేహానికి తగిలిన దెబ్బ నాదెట్లా అవుతుందన్నది దానికి అనుబంధవాదం. వినడానికి వేదాంతంలాగానే ఉంటుంది. అయితే ఆ మాట ఎవరు ఎవరితో అంటున్నారన్నది గమనించకుండా దాని యోగ్యతను నిర్ణయించడం కష్టం.

అనుభవం గతించినా దాని సంస్కారం మిగులుతుందని, ఉద్బోధకం తారసపడగానే అదే స్మృతిగా మేల్కొంటుందని నైయాయికుల వివరణ. శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యంలో క్షణికవాదాన్ని నిరాకరించేటప్పుడు ఈ స్మృతినే ఆధారం చేసుకున్నారు. నిన్న చూసినవాడూ నేడు తలచుకునేవాడూ వేరువేరైతే, ఆనాడు చూసిన నేనే ఈనాడు తలుస్తున్నానన్న ప్రత్యభిజ్ఞ పొసగదు. ఒకరి అనుభవాన్ని మరొకరు స్మరించలేరు.

ఈ సిద్ధాంతాన్ని కారంచేడు ముందు నిలిపి చూడాలి. చీరాలకు సమీపంలోని ఆ గ్రామంలో త్రాగునీటి చెరువును మలినపరచడాన్ని మాదిగపల్లెవారు ఆక్షేపించారు; నీళ్ళకు వచ్చిన ఒక స్త్రీ తన మీదికి వచ్చినవారిని అడ్డుకోవడానికి బిందె ఎత్తింది. మరునాడు, 1985 జులై 17న, ఆధిపత్యకులానికి చెందినవారు పల్లె మీద పడ్డారు. ఆరుగురు దళితులు హతులయ్యారు, స్త్రీలు అత్యాచారాలకు గురయ్యారు. ప్రాణాలతో బయటపడినవారు చీరాలకు చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. వారిలో అనేకులు తిరిగి స్వగ్రామానికి పోలేదు, చీరాలలోనే స్థిరపడ్డారు.

అక్కడి వృద్ధులకు కారంచేడు ఒక ఊరిపేరు మాత్రమే కాదు. చెరువుగట్టు, బిందె, పరుగెత్తిన పొలంగట్టు వారికి 'నేను' అన్న పదార్థంలో భాగాలు. అటు తరువాత చీరాలలో పుట్టినవారి సంగతి మరింత చిక్కైనది. శాస్త్రరీత్యా వారికున్నది స్మృతి కాదు, శబ్దజన్యజ్ఞానం. పెద్దలు చెప్పగా విన్నది. అయినా 'మాది కారంచేడు' అని వారు అన్నప్పుడు ఆ వాక్యానికి వినికిడి బరువు కన్నా ఎక్కువ బరువుంటుంది. నైయాయికుని లక్షణం ఇక్కడ కొంత ఇరుకవుతుందనే చెప్పాలి. ఊరిలో మిగిలిన కుటుంబాల పిల్లలకు సైతం, వారు చేయని పనికి, ఆ పేరు మోయక తప్పడం లేదు.

మరి మరవడం జ్ఞానమా? సుషుప్తిలో మనిషికి కులం లేదు, శత్రువు లేడు, స్మృతి లేదు. అంతమాత్రాన నిద్రించినవాడు ముక్తుడని ఏ ఆచార్యుడూ అనలేదు. అజ్ఞానం బీజరూపంలో అట్లాగే ఉంటుంది, మెలకువతో పాటు మళ్ళీ మొలకెత్తుతుంది. ఛాందోగ్యంలో సనత్కుమారుడు నారదునికి ఉపదేశిస్తూ స్మరణను ఆకాశం కన్నా మిన్నగా నిలిపాడు: స్మరణ లేనివారు ఎందరు కూడినా ఒకరి మాట ఒకరు వినలేరు, ఎరుగలేరు. ఆ ప్రకరణం చివర హృదయగ్రంథులు విడేది కూడా స్థిరమైన స్మృతి వల్లనే. అక్కడి స్మృతి ఆత్మవిషయకమన్నది నిజమే, లౌకికఘటనల జ్ఞాపకం కాదు. కాని మరుపును సాధనంగా చెప్పిన చోటు మాత్రం ఆ ఉపదేశంలో కనబడదు. గీతాంతంలో అర్జునుడు పొందానన్నదీ స్మృతినే.

జ్ఞాపకాలు ఆత్మ కావు, అవి అంతఃకరణవృత్తులు. వాటిని తనవిగా అంటగట్టుకోవడం అధ్యాస. ఇందులో సందేహం లేదు. ముముక్షువు తన విషయంలో ఈ విచారణ చేసుకోవచ్చు, చేసుకోవాలి. గాయపడినవాని వద్దకు పోయి, గాయం చేసినవారి వైపు నిలబడి, 'నీవు ఆత్మవు, మరచిపో' అనడం వేరు. ఆ ఉపదేశకుడు తన పొలం హద్దురాళ్ళను మరచిపోడు, తాతల ఆస్తిని మరచిపోడు. వివేకవైరాగ్యాలను ఇతరుల చేత ఆచరింపజేయమని సాధనచతుష్టయంలో లేదు.

కారంచేడు కేసులో సుప్రీంకోర్టు దోషులకు శిక్షలు ఖరారు చేసింది 2008 డిసెంబరులో, ఘటన జరిగిన 23 సంవత్సరాలకు. వేదాంతి సాక్షి అంటే దేనికీ అంటని ద్రష్ట అని చెబుతాడు. న్యాయస్థానంలో సాక్షి అంటే ఏమి చూశాడో మరవనివాడు. బోనులో నిలబడిన ఆ సాక్షులు సత్సంగపు సలహా విని ఉంటే న్యాయమూర్తి ముందు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.