నూనె ఎవరికి? మసి ఎవరికి?

చెత్త ప్లాస్టిక్ నుంచి డీజిల్ తీయొచ్చని వినగానే చదువుకున్నోళ్ళంతా చప్పట్లు కొడుతున్నరు. మేమూ సంతోషిస్తున్నం. సైన్సును దళితులు ఎన్నడూ కాదనలేదు. మమ్మల్ని బడి గడప తొక్కనియ్యనోళ్ళే చదువుకు అడ్డం నిలబడ్డరు. మా ప్రశ్న వేరే ఉన్నది. ఆ ప్లాస్టిక్ యంత్రం దాకా ఎవరి చేతుల మీదుగా పోతున్నది?

ముందు అసలు సంగతి తెలుసుకుందాం. ప్లాస్టిక్ పుట్టిందే ముడిచమురు నుంచి. కవర్లు, పాల ప్యాకెట్లు, బకెట్లు కర్బనం, హైడ్రోజన్ కలిసిన పొడుగాటి గొలుసులు. గాలి తగలని పాత్రలో దాదాపు 400 డిగ్రీల వేడి పెడితే ఆ గొలుసులు తెగి ఆవిరి అయితయి. జియోలైటు లాంటి ఉత్ప్రేరకం వేస్తే తక్కువ వేడికే తెగుతయి. ఆవిరిని చల్లారిస్తే నూనె వస్తది. అడుగున మసి మిగులుతది. 2019 ఆగస్టులో డెహ్రాడూన్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పెట్రోలియం, గెయిల్ కంపెనీ కలిసి రోజుకు టన్ను ప్లాస్టిక్ నుంచి 800 లీటర్ల డీజిల్ తీసే ప్లాంటు ప్రారంభించినయి. అదే ఏడాది హైదరాబాదులో సతీశ్ కుమార్ అనే మెకానికల్ ఇంజినీరు 500 కిలోల ప్లాస్టిక్ నుంచి 400 లీటర్ల ఇంధనం తీస్తున్నాడని పత్రికలు రాసినయి.

అయితే యంత్రం అన్నిటినీ మింగదు. పి.వి.సి. పైపు ముక్కలు కలిస్తే ఆమ్లపు ఆవిరి పుట్టి ఇనుమును తింటది, ఉత్ప్రేరకాన్ని పాడు చేస్తది. నీళ్ళ సీసా, పాలిస్టర్ గుడ్డ ఒకటే జాతి. వాటి నుంచి నూనె సరిగా రాదు, గొట్టాలు పూడుకపోతయి. మా పక్కన సిరిసిల్ల సాంచాల మీద నేసేది ఎక్కువగా పాలిస్టరే. మా తంగళ్ళపల్లి మండలం బద్దెనపల్లిలో టెక్స్‌టైల్ పార్కే ఉన్నది. ఆ పాలిస్టర్ పీలికలు ఈ కొలిమికి పనికిరావు. ఇక నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు మరీ అన్యాయం: లోపల పాలిస్టర్, పైన పి.వి.సి. బతికున్నప్పుడు కూడలికి అడ్డం, చచ్చినంక యంత్రానికి అడ్డం!

అంటే ఎవరో ఒకరు రకం చూసి వేరు చెయ్యాలె, మట్టి దులపాలె. ఆ పని ఏ ఉత్ప్రేరకమూ చెయ్యదు. చేత్తో నలిపి, చప్పుడు విని, ఇది ఏ రకమో చెప్పే విద్య ఒకటున్నది. ప్రయోగశాలలో చేస్తే దాన్ని శాస్త్రజ్ఞానం అంటరు. డంపింగ్ యార్డులో మాదిగ ఆడామె చేస్తే చెత్త ఏరుకునుడు అంటరు. పేరు మారంగనే కూలి కూడా మారుతది!

2019 నుంచి పల్లె ప్రగతి కింద ఊరూరికీ ట్రాక్టరు, డంపింగ్ యార్డు, చెత్త వేరు చేసే షెడ్డు వచ్చినయి. షెడ్డులో పనిచేసే మనిషి బతుకు మారిందా? మారితే 2023 జూలైలో పంచాయతీ కార్మికులు రాష్ట్రమంతటా సమ్మెకు ఎందుకు దిగుతరు?

చట్టం లేదా అంటే ఉన్నది. 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు చెత్త ఏరేవాళ్ళతో పనిచేసే సంఘాలను కలుపుకపోవాలని స్థానిక సంస్థలకు చెప్పినయి. 2022 ఫిబ్రవరిలో ప్లాస్టిక్ అమ్ముకునే కంపెనీల మీదే దాన్ని వదిలించే బాధ్యత పెట్టిండ్రు. నూనె తీసుడు కూడా ఆ లెక్కలోకే వస్తది. ప్లాంటు యజమాని సర్టిఫికెట్ అమ్ముతడు, కంపెనీ కొంటది. నూనె పైసలు ఒకపక్క, సర్టిఫికెట్ పైసలు ఇంకోపక్క. సంచి మోసిన ఆమెకు మాత్రం కిలో లెక్కన పాత ఇనుప సామాన్ల దుకాణమోడు ఇచ్చే చిల్లర!

చెత్త పనిని పవిత్రం చెయ్యమని మేం అడుగుతలేం. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ చచ్చిన పశువుల మాంసం తినుడు మానమని మనోళ్ళకు చెప్పిండు. ఆత్మగౌరవం అక్కడ మొదలయింది. చీపురుకు దండం పెట్టి, దాన్ని మళ్ళీ మన పిల్లల చేతికే ఇచ్చే పూజలు మాకొద్దు. మా బడిలో కూర్చున్న పిల్ల ఉత్ప్రేరకం తయారు చెయ్యాలె గానీ, తల్లి సంచిని వారసత్వంగా మొయ్యొద్దు. కానీ ఆ తల్లి ఇయ్యాల ఆ పనిలనే ఉన్నది. ఆమె సంగతి తేల్చకుండ రేపటి మాట చెప్పుడు మోసం.

అందుకే మేమడిగేది స్పష్టం. ప్లాంటు ఏ జిల్లాలో పెట్టినా ప్లాస్టిక్ వేరు చేసే కాంట్రాక్టు ఏ గుత్తేదారుకూ కాదు, ఏరేవాళ్ళ సహకార సంఘానికే ఇయ్యాలె. గ్లౌజులు, బూట్లు, ఇ.ఎస్.ఐ., పి.ఎఫ్. ఇయ్యాలె. సర్టిఫికెట్ ఆదాయంలో సంఘానికి వాటా రాసియ్యాలె. వాళ్ళ పిల్లలకు ఆ ప్లాంటులోనే ఆపరేటరు, కెమిస్టు శిక్షణ ఇయ్యాలె. పొగ వచ్చే ప్లాంటును ఎప్పటిలెక్క దళితవాడ పక్కన పెట్టొద్దు. ఊరి చెత్త మన వాడ పక్కన పోసిన రోజులు చాలు.

కర్బన గొలుసు 400 డిగ్రీలకు తెగుతది. కులం గొలుసు వేడికి తెగదు, సంఘటితంగా కొట్లాడితేనే తెగుతది. మిత్రులారా, మీ ఊరి షెడ్డు కాడికి పోండ్రి. అక్కడ పనిచేసేవాళ్ళను కూడగట్టి సంఘం పెట్టండ్రి. యంత్రం రాకముందే సంఘం ఉండాలె. వచ్చినంక పెడితే మనకు మిగిలేది మసే.

జై భీం!