ఎగురుటకు ముందు

విమాన విన్యాసములను చూచువారి కన్నులు ఆకాశము వైపే ఉండును. కాని మెచ్చుకోలులో సగమైనను క్రింద, పనిబల్లకు చెందవలెనని మా అభిప్రాయము.

రెండు మీటర్లకు మించిన రెక్కలు గల రేడియో నియంత్రిత విమానమును తీసికొందము. దాని అస్థిపంజరము బాల్సా కొయ్య, ప్లైవుడ్. రెక్క కొంచెము మెలి తిరిగినను విమానము ఒక ప్రక్కకు ఒరుగును. గరిమనాభి మరీ వెనుకకు జరిగినచో ఎంతటి నేర్పరికిని అది లొంగదు. తోకయందలి రెండు ఎలివేటర్లు సమానముగా కదలనిచో, నిలువు వలయము తిరుగబోయిన విమానము మెలికపడి దారి తప్పును. సర్వో మోటార్ల అతుకులలో వదులుండరాదు. రేడియో సంకేతము తెగినచో ఇంజను తనంతట తానే తగ్గునట్లు ముందుగనే అమర్చవలెను. కిలోల కొలది బరువుతో, తిరుగు ప్రొపెల్లరుతో పోవు యంత్రము ఆటబొమ్మ కాదు గదా!

1937లో అమెరికాలో గుడ్ సోదరులు 'గఫ్' అను రేడియో విమానమును ఎగురవేసిరి. వాల్టర్ విమానమును, విలియం రేడియోను నిర్మించిరి. అప్పటికి వారు యువకులే.

మన విద్యార్థులు గరిమనాభి నిర్వచనమును కంఠస్థము చేసి మార్కులు తెచ్చుకొనుచున్నారు. దానిని వ్రేలికొనపై నిలిపి చూచినవారెందరు? 2021 నాటి డ్రోన్ నియమావళియు 25 కిలోలకు మించక, విద్యకో వినోదమునకో కనుచూపు మేరలో నడుపబడు నమూనా విమానములను ప్రత్యేకముగా గుర్తించినది.

పెద్ద విమానమును మేము కోరుటలేదు. కమిటీవారు ప్రయోగశాలలో ఒక బల్లను, కొంత బాల్సాను ఇప్పింతురు గాక. చిన్న గ్లైడరుతో ఆరంభింతము. కొలిచి చేయు అలవాటు చేతికి వచ్చిన విద్యార్థి ఏ వృత్తియందైనను నిలువగలడు.