ఒక్కో రికార్డుకూ ఒక్కో కమిట్: ఈ పద్ధతి మానాలి

లక్ష రికార్డులను డేటాబేస్‌లోకి ఎక్కించడానికి అరగంట పడుతోందంటే, తప్పు చాలాసార్లు యంత్రానిది కాదు, ఎక్కించే పద్ధతిది. లూప్‌లో ఒక ఇన్సర్ట్, వెంటనే కమిట్, మళ్లీ ఇన్సర్ట్, మళ్లీ కమిట్. ఆటోకమిట్ ఆన్‌లో ఉన్న ప్రోగ్రాము ఇలాగే నడుస్తుంది.

దీని ఖరీదు ఎస్‌క్యూలైట్ లెక్కలో స్పష్టంగా కనిపిస్తుంది. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే హార్డ్ డిస్కు సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. ఒక్కో ట్రాన్సాక్షన్ భద్రంగా ముగియడానికి రెండు చుట్లు కావాలి. అంటే సెకనుకు దాదాపు 60 ట్రాన్సాక్షన్లే. మామూలు డెస్క్‌టాప్‌లో సెకనుకు 50,000 ఇన్సర్టులు చేయడం ఎస్‌క్యూలైట్‌కు కష్టం కాదని దాని రూపకర్తలే చెబుతారు. అన్నిటినీ ఒకే బిగిన్, కమిట్‌ల మధ్య పెట్టాలి, అంతే. లక్ష రికార్డులకు మొదటి దారిలో సుమారు 28 నిమిషాలు, రెండో దారిలో 2 సెకన్లు. ఎస్‌ఎస్‌డీలు వచ్చాక ఈ తేడా తగ్గింది గానీ పోలేదు. కమిట్ అన్న ప్రతిసారీ డేటా డిస్కుకు చేరిందన్న కబురు అందేదాకా ప్రోగ్రాము ఆగాల్సిందే.

సర్వర్ వేరే యంత్రంలో ఉంటే నెట్‌వర్క్ భారం తోడవుతుంది. రానుపోను ఒక మిల్లీసెకను అనుకున్నా, లక్ష ఇన్సర్టులకు 100 సెకన్లు ప్రయాణానికే పోతాయి. ఒకే ఇన్సర్ట్‌లో వందల వరుసలు పంపితే ఈ ఖర్చు దాదాపు మాయమవుతుంది. ఫైలు నుంచి ఎక్కించేటప్పుడు అంతకన్నా మేలైన దారి ఉంది: మైఎస్‌క్యూఎల్‌లో లోడ్ డేటా, పోస్ట్‌గ్రెస్‌లో కాపీ. లోడ్ డేటా సాధారణంగా ఇన్సర్టుల కంటే 20 రెట్లు వేగమని మైఎస్‌క్యూఎల్ మాన్యువల్ చెబుతుంది.

పేరు చూసి మోసపోయే చోట్లు కూడా ఉన్నాయి. పైథాన్‌లో సైకోపీజీ2 వాడేవాళ్లు ఎగ్జిక్యూట్‌మెనీ పిలిచి, అంతా ఒకేసారి వెళ్లిందనుకుంటారు. అది లోపల ఒక్కో వరుసనే పంపుతుంది, లూప్ కంటే వేగం కాదు. ఎగ్జిక్యూట్‌వాల్యూస్ వాడాలి. జావాలో మైఎస్‌క్యూఎల్ డ్రైవర్‌దీ ఇదే తీరు. రీరైట్‌బ్యాచ్డ్‌స్టేట్‌మెంట్స్ అనే సెట్టింగును ట్రూ చేయనిదే, యాడ్‌బ్యాచ్‌తో పోగేసిన ఇన్సర్టులు ఒకే ఇన్సర్టుగా కలవవు. కోడ్‌లో బ్యాచ్ అన్న మాట కనిపించినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు.

పంపే పద్ధతితో పాటు ఇంకో సంగతి: ఖాళీ టేబుల్ నింపేటప్పుడు ఇండెక్సులను చివర్లో కట్టడం లాభం.

ఒక్క చెడ్డ వరుస వస్తే బ్యాచ్ అంతా వెనక్కి పోతుందన్న అభ్యంతరం నిజమైనదే. అందుకు మందు వరుసకో కమిట్ కాదు. డేటాను ముందు నియమాలు లేని తాత్కాలిక టేబుల్‌లోకి దించి, అక్కడ సరిచూసి, మంచి వరుసలను మాత్రమే అసలు టేబుల్‌కు పంపాలి. వేగం కోసం పోస్ట్‌గ్రెస్‌లో ఎఫ్‌సింక్ (డేటా డిస్కుకు చేరేలా చూసే సెట్టింగు) ఆపేయడం మాత్రం, డేటాబేస్ మొత్తాన్ని తేలిగ్గా మళ్లీ కట్టుకోగలిగితే తప్ప సమర్థనీయం కాదు. కరెంటు పోతే డేటాబేస్ మొత్తం పాడయ్యే ప్రమాదం ఉంది. అయితే ఒక కస్టమర్ చెల్లింపు చేసిన క్షణాన ఆ ఒక్క రికార్డునూ అప్పుడే కమిట్ చేయడం సరైన పనే. ఇక్కడి అభ్యంతరమల్లా రాత్రిపూట వచ్చే ఫైళ్లనూ, పాత డేటా తరలింపులనూ అలాగే నడపడం మీదే.

కాబట్టి ప్రతి బృందమూ తన దిగుమతి ప్రోగ్రాముల్లో కమిట్ లూప్ లోపల ఉందో బయట ఉందో ముందు చూడాలి. లోపల ఉంటే వెయ్యి వరుసలకొకసారి కమిట్ అయ్యేలా మార్చి, మార్పుకు ముందూ తర్వాతా పట్టిన సమయాన్ని తన సొంత డేటా మీదే కొలిచి చూడాలి.